అమ్మమ్మ పందిరి మంచం, షాపు బల్లలు, మధ్యలో 16 అంగుళాలు

అమలాపురం దగ్గర్నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. పొడుగు ఉత్తరమే, సంగతి మాత్రం ఇది.

ఆవిడ పుట్టిల్లు గోదావరి లంకలో ఉంది. అక్కడి పాత పెంకుటిల్లు విప్పేసి అన్నయ్య స్లాబు వేయించుకుంటున్నాడు. ఎవరి సామాను వాళ్ళు పంచుకున్నారు. అమ్మమ్మ నాటి టేకు పందిరి మంచం ఈవిడ వాటాకి వచ్చింది. వాళ్ళ పడగ్గది 11 అడుగులకి 12. మంచం కాళ్ళని కలిపే పట్టెల ఎత్తు నేల నుంచి 28 అంగుళాలు. పట్టెల మీద చెక్కలు, చెక్కల మీద కొత్తగా కొన్న 8 అంగుళాల స్ప్రింగు పరుపు. చెక్కల మందం వదిలేస్తే మొత్తం 36. దానికి రెండు పక్కలా పెట్టుకోవడానికని రాజమండ్రిలో రెండు పక్కబల్లలు కొన్నారు. వాటి ఎత్తు 20. రాత్రిపూట మంచినీళ్ళ గ్లాసు అందుకోవాలంటే మంచం మీంచి సగం బయటికి వేలాడాలట. బల్ల మీది దీపం వెలుగు పుస్తకం మీద కాదు, మంచం పట్టె మీద పడుతోందట. మంచం పక్కనుండాల్సిన స్విచ్ బోర్డు పరుపు వెనక్కి పోయింది. తల ఉత్తరానికి పెట్టుకోరు కాబట్టి మంచం తిప్పే వీలూ లేదు.

ఇంతవరకూ కొలతల గొడవ. తర్వాత మనుషుల గొడవ. భర్త 5 అడుగుల 11 అంగుళాలు, ఈవిడ 5 అడుగులు. నాలుగేళ్ళ పాప ఇద్దరి మధ్యా పడుకుంటుంది. మొన్నీమధ్య కాళ్ళవైపు నుంచి జారిపడింది, దెబ్బ పెద్దది కాదు గానీ ఇల్లంతా హడలిపోయింది. ఆ మర్నాడే భర్త వడ్రంగి మేస్త్రిని పిలిచి “కోళ్ళు 8 అంగుళాలు కోసెయ్” అన్నారు, అంటే మంచం కాళ్ళు. అది ఫోన్‌లో విన్న అమ్మ “కోస్తే నాకు చెప్పకు, నేను ఆ గదిలోకి రాను” అంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు ఆ మంచం మీద కూర్చోలేక గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్ళిపోతున్నారు. “కోడలి మంచం ఎక్కాలంటే నిచ్చెన కావాలి” అని పక్కింటావిడతో అన్న మాట తిరిగి తిరిగి ఈవిడ చెవిన పడింది. “కోళ్ళు కొయ్యమంటారా, బల్లలు మార్చమంటారా? మంచం అన్నయ్యకే తిప్పి పంపెయ్యమంటారా?” ఇదీ ప్రశ్న.

అమ్మా, మీరు టేపు పెట్టి కొలిచి రాశారు చూడండి, అందుకు మీకు ముందు దణ్ణం. “బాగా ఎత్తండీ” అని వదిలేస్తే నేనూ “సర్దుకోండి” అని వదిలేసేదాన్ని. అంకెలు చేతిలో ఉన్నాయి కాబట్టి ఒక మాట తేలిగ్గా చెప్పగలను. మీ అమ్మమ్మ మంచం ఎత్తు 28. మిగతా 8 అంగుళాలూ మీరు షాపులో కొన్నవి. తగాదా అంతా ఆ 28 మీద నడుస్తోంది, ఈ 8 సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

ఆ మంచం చేసినవాడు దాని మీద స్ప్రింగు పరుపు ఎక్కుతుందనుకోలేదు. బూరుగు దూది పరుపు వేసేవాళ్ళు, నాలుగు రాత్రులు పడుకుంటే అణిగి మూడంగుళాలకి దిగేది. వేసవిలో అదీ తీసేసి చాప పరిచేవాళ్ళు. 28 అంగుళాల ఎత్తు కూడా సోకు కోసం పెట్టింది కాదు. కింద కొబ్బరికాయల రాశో, విత్తనాల బస్తాలో, ఇత్తడి గుండిగలో ఉండేవి. చీపురు ఆ చివరిదాకా వెళ్ళేది. పురుగూ పుట్రా దూరితే కంటపడేది. మంచం కిటికీ మట్టానికి వస్తుంది కాబట్టి గాలి నేరుగా ఒంటికి తగిలేది. ఇక లంకల్లో వాళ్ళకి నేను చెప్పాలా. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల వాళ్ళ సామాన్లు మంచాల మీదికీ, అక్కణ్ణించి అటకల మీదికీ ఎక్కాయి. ఆ మంచాన్ని మీ అమ్మగారు ఆ కళ్ళతో చూస్తారు. మీవారు మాత్రం పాప పడిన రాత్రి తాలూకు కళ్ళతో చూస్తున్నారు. ఇద్దర్లో ఎవరిదీ తప్పని నేను అనలేను.

ముందు రంపం సంగతి చూద్దాం, ఎందుకంటే అది ఒకసారి నడిచిందంటే వెనక్కి రాదు.

పందిరి మంచానికి కోడు వేరు, పందిరి గుంజ వేరు కావు. మీరు పంపిన ఫొటోలో చూస్తే నాలుగూ కింది నుంచి పైదాకా ఏకాండీగా ఉన్నాయి. కింద 8 అంగుళాలు కోస్తే పందిరి కూడా 8 అంగుళాలు దిగుతుంది. పందిరి కర్ర ఇప్పుడు 6 అడుగుల 10 అంగుళాల ఎత్తున ఉందన్నారు, అది 6 అడుగుల 2 అంగుళాలకి వస్తుంది. మీవారి మాడుకీ దానికీ మధ్య మూడంగుళాలే మిగులుతాయి. దుప్పటి దులపడానికి వంగి లేచినప్పుడల్లా, దోమతెర కట్టినప్పుడల్లా అది తలకి తగులుతుంది. రెండోది, తరిమెన పట్టిన, అంటే తిప్పుతూ గుండ్రంగా చెక్కిన కోడుకి అడుగున కలశంలా ఉబ్బు ఉంది కదా, మేస్త్రి రంపం పెట్టేది సరిగ్గా దాని పైన. అక్కడ కోడు సన్నటి మెడలా ఉంటుంది. బరువంతా ఆ సన్నటి మెడల మీదికి వస్తుంది, చూడ్డానికి కూడా కాళ్ళు విరిగిన మంచంలాగే ఉంటుంది. మూడోది, కోసిన ముఖం నుంచి చెక్క తేమని బాగా పీలుస్తుంది. మన డెల్టాలో వానాకాలం నేల చెమర్చని ఇల్లు ఏది? కోసిన చోట వార్నీషు రెండు మూడు పూతలు వెయ్యకపోతే చెక్క చివరలు నల్లబడి చీలతాయి.

అంటే కొయ్యకూడదని కాదు. కొందరికి అదే దారి కావచ్చు. మంచం మీది, మీరు నిద్రపోవడానికి తెచ్చుకున్నారు, మ్యూజియంలో పెట్టడానికి కాదు. కొయ్యాల్సే వస్తే మంచం బిగించి, దాని చోట్లో నిలబెట్టి, రసమట్టం పెట్టి నాలుగు కోళ్ళకీ గీతలు గీయించాలి. విడదీసి ఒక్కొక్కటీ టేపుతో కొలిచి కోస్తే, టైల్సు వాలు వల్ల ఏదో ఒక కోడు గాల్లో ఉండిపోతుంది. దాని కింద అట్టముక్కలు పెట్టుకుంటూ బతకాలి. అయితే నాకు తోచిన ఇంకో దారి చూసి, అది కుదరకపోతేనే ఇటు రండి.

ఆ దారి ఏమిటంటే, చెక్కల్ని పట్టెల మీద నుంచి తీసి పట్టెల లోపలికి దించడం. మీ పట్టె వెడల్పు, అంటే పైఅంచు నుంచి కిందంచుకి, 6 అంగుళాలని రాశారు. పట్టెలకి లోపలి పక్క పొడుగునా ఒకటిన్నర అంగుళాల బద్దలు స్క్రూలతో బిగించి, చెక్కలు ఆ బద్దల మీద కూర్చునేలా చేయించండి. చెక్క పైభాగం 25 అంగుళాల దగ్గరికి వస్తుంది. దాని మీద స్ప్రింగు పరుపు కాకుండా 5 అంగుళాల కొబ్బరి పీచు పరుపు వెయ్యండి. పైకి 30. అంటే కోడు ముట్టకుండా 6 అంగుళాలు తగ్గాయి. మీవారు అడిగింది 8. మిగతా రెండంగుళాలకి ఆయన ఒప్పుకుంటారనే నా నమ్మకం. పైగా మంచం మీద కూర్చుంటే పందిరికీ తలకీ మధ్య ఆ ఆరంగుళాలు అదనంగా వస్తాయి. దోమతెరలో ఊపిరాడుతుంది.

చెక్కల్ని ఇంకా కిందికి, 22 దాకా దించొచ్చు కదా అంటారేమో. దించొచ్చు గానీ అప్పుడు పరుపు పట్టె కంటే కిందికి పోతుంది, అంచున కూర్చున్నప్పుడు పట్టె తొడల కింద కోసుకుంటుంది. పరుపు పట్టె కంటే రెండంగుళాలైనా పైకి ఉండాలి. ఇందులో ఖర్చులూ ఉన్నాయి, దాచను. పాత చెక్కలు పట్టెల మీద పరిచేవి కాబట్టి లోపలికి పట్టవు. వాటిని కోయించకండి, అటక మీద పెట్టేసి కొత్తవి చేయించండి. చెక్కకీ చెక్కకీ మధ్య వేలు దూరేంత సందు వదలమనండి, లేకపోతే వానల్లో పరుపు అడుగున బూజు పడుతుంది. పరుపు కూడా పట్టెల లోపలి కొలతకి చేయించుకోవాలి. పీచు పరుపులు మీ కోనసీమలో కొలతకి కోసి ఇచ్చేవాళ్ళకి కొదవా? స్ప్రింగు పరుపు మాత్రం దండగైపోతుంది, ఆ మాట నిజమే. దాన్ని రెండో గదిలో మామూలు మంచానికి వాడుకుంటే సగం బాధ తీరుతుంది. పీచు పరుపు మొదట్లో గట్టిగా ఉంటుంది, స్ప్రింగుకి అలవాటుపడ్డ నడుం కొన్నాళ్ళు సణుగుతుంది.

ఏదీ మార్చకుండా 36లోనే ఉంచేసి రెండు మెట్ల పీట పెట్టుకోవడం మూడో దారి. చవకైంది, అమ్మగారికి పూర్తిగా ఇష్టమైంది. కానీ నాలుగేళ్ళ పాపతో, నిద్రమత్తులో దిగే 5 అడుగుల మనిషితో 36 అంగుళాలని నేను సిఫార్సు చెయ్యలేను.

30కి దిగినా మీకు కాళ్ళు నేలకి ఆనవు. మోకాలి వెనక మడత దగ్గర్నుంచి నేలదాకా కొలుచుకోండి, మీకు 15, 16 అంగుళాలు వస్తుంది. అంచేత ఒక పీట తప్పదు. 9 అంగుళాల ఎత్తు, పాదం పూర్తిగా పట్టే వెడల్పు, నాలుగు కాళ్ళు. ఇంట్లో ముక్కాలి పీట ఉంది కదా అని అది వెయ్యకండి. దాని అంచున అడుగుపడితే తిరగబడుతుంది. కాళ్ళ కింద రబ్బరు బుష్‌లు వేయించండి, టైల్సు మీద ఉత్త చెక్క జారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పీట ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. ఊడ్చేటప్పుడు పనమ్మాయి జరిపి మళ్ళీ అక్కడే పెట్టకపోతే, రాత్రి మీ కాలు అలవాటుగా లేని పీట మీదికి దిగుతుంది.

ఇప్పుడు బల్లలు. పక్కబల్ల పరుపు మట్టానికి కాస్త అటూ ఇటూ ఉండాలి, రెండంగుళాల తేడా దాకా చెయ్యి పట్టించుకోదు. షాపుల్లో పక్కబల్లలు మామూలు మంచాల కోసం చేస్తారు, చాలావరకు 18 నుంచి 24 దాటవు. మీరు పడగ్గది సామాన్ల వరసలో వెతికినన్నాళ్ళూ దొరకదు. భోజనాల బల్ల, రాతబల్ల 30 అంగుళాల ఎత్తున ఉంటాయి. కాబట్టి చిన్న రాతబల్లల వరసలో చూడండి. వెడల్పు 18 మించకుండా, ఒక సొరుగు ఉన్నది దొరికితే చాలు. లేదా సొరుగుల పెట్టె, అదీ ఇంచుమించు ఆ ఎత్తుకే వస్తుంది, పాప బట్టలకి పనికొస్తుంది.

మీ ఉత్తరం చివర్లో, అసలు విషయానికి సంబంధం లేదనుకుంటూ ఒక మాట రాశారు. అత్తగారి కాలి కుట్టుమిషను వసారాలో తుప్పు పడుతోందని. ఆ మిషను బల్ల కొలిచి చూడండి. కాలితో తొక్కే మిషన్ల బల్లలు సుమారు 30 అంగుళాలుంటాయి. తల లోపలికి మడిచే రకమైతే పైన చదునుగా బల్లే. ఇనప స్టాండు తుడిచి నల్లరంగు వేయిస్తే మీ వైపు పక్కబల్ల అయిపోయింది. తొక్కుడు పలక కదలకుండా తాడుతో కట్టెయ్యండి, బెల్టు తీసెయ్యండి, పాప వేళ్ళు చక్రంలో పెట్టకుండా. ఆవిణ్ణి అడిగి తీసుకోండి సుమా, అడక్కుండా కాదు. మీ పుట్టింటి మంచం పక్కన ఆవిడ మిషను ఉంటే గుమ్మంలో నిలబడే మనిషి లోపలికి వస్తారో రారో నేను హామీ ఇవ్వలేను. కానీ గదిలో అన్నీ మీవైపు వస్తువులే అన్న మాటకి ఆస్కారం ఉండదు.

కొన్న రెండు 20 అంగుళాల బల్లల కింద దిమ్మలు పెట్టి ఎత్తు పెంచుదామనుకోకండి. ప్రెస్ చేసిన పొట్టు చెక్కతో చేసినవైతే స్క్రూ పట్టదు, ఏడాదిలో ఊగుతాయి. వాటికి వేరే పని చెప్తాను.

అత్తగారికి 30 కూడా ఎత్తే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి పీటెక్కి మంచం మీద కూర్చోమనడం మర్యాద కాదు. గదిలో ఒక చేతుల కుర్చీ వెయ్యండి. కూర్చునే భాగం 18 అంగుళాలు ఉండాలి, చేతులు ఆనించి లేవగలిగేలా. వాలుకుర్చీ వద్దు, అందులోంచి ఆవిడ లేవలేరు. ఆ కుర్చీ పక్కన మీ 20 అంగుళాల బల్ల ఒకటి సరిగ్గా సరిపోతుంది, కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి. మీకు తిరిగొచ్చిన మాట గురించి ఆవిణ్ణి నిలదీయకండి. మోకాళ్ళ నొప్పితో నిలబడి నిలబడి అన్న మాట అది. కుర్చీ వేసి “ఇది మీకోసం వేయించానండి” అనండి. ఆ తర్వాత కూడా అవే మాటలు వస్తే అప్పుడు చూద్దాం.

పాప విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగానే చెబుతాను. మధ్యలో పడుకోబెట్టినా పిల్లలు కాళ్ళవైపుకి పాకుతారు, మీ అనుభవమే సాక్ష్యం. 30 అంగుళాల మీంచి పడ్డా దెబ్బే. ఇక్కడ మాత్రం ఆ మంచం ఎత్తు మీకు కలిసొస్తుంది. పట్టె కింద 22 అంగుళాల ఖాళీ ఉంది. మధ్యలో ఊతకోడు లేకపోతే అందులోకి చక్రాల మంచం ఒకటి చేయించండి. 5 అడుగుల పొడుగు, రెండున్నర వెడల్పు, పరుపుతో కలిపి 12 అంగుళాల ఎత్తు. పగలు కిందికి తోసేస్తారు, రాత్రి మీ వైపు లాగుతారు. చెయ్యి చాపితే పాప అందుతుంది, అది పడినా అడుగు ఎత్తు నుంచే. మీ పీట ఆ పక్కన ఉండదు కాబట్టి మీరు అటు నుంచి దిగకూడదు, మీవారూ మీరూ పక్కలు మార్చుకోవాల్సి రావచ్చు. అప్పుడు పీటతో పాటు మిషను బల్ల కూడా మీరు దిగే వైపుకే వెళ్తుంది. పాప కొన్నాళ్ళు ఒప్పుకోదు. ఒప్పుకునేదాకా మీరు ముగ్గురూ స్ప్రింగు పరుపు రెండో గదిలో నేల మీద వేసుకుని పడుకున్నా కొంపలేం మునగవు, పొద్దున్నే పరుపు ఎత్తి గోడకి ఆనించండి, చెమ్మ ఆరుతుంది.

ఇంకా ఒకటి. మంచం కిటికీకి ఆనుకుని ఉందన్నారు. ఇప్పుడు పరుపు, కిటికీ గూడు ఒకే మట్టంలో ఉన్నాయి. పాప నడిచి కిటికీలోకి వెళ్ళగలదు. గ్రిల్ ఉందో లేదో రాయలేదు, లేకపోతే మిగతా పనులన్నిటికంటే ముందు అదే.

స్విచ్ బోర్డు, దీపం సంగతి మంచం చివరి ఎత్తు తేలాకే చూడండి. ఎలక్ట్రీషియన్‌ని ముందే పిలిస్తే రెండుసార్లు గోడ చెక్కాలి. పరుపు మీద దిండుకి ఆనుకుని కూర్చోండి, మీవారి చేత మీ చెవి మట్టంలో గోడ మీద పెన్సిలు గీత గీయించండి. గోడ దీపం బల్బు అక్కడ రావాలి, అప్పుడు వెలుగు పేజీ మీద పడుతుంది. బోర్డు పరుపుకి ఒక జానెడు పైన. ఈలోపు పరుపు వెనక ఇరుక్కున్న ఆ ప్లగ్గులో ఛార్జరు పెట్టడం మానండి, పరుపు కింద నుంచి వైరు లాగడం అసలు వద్దు. పరుపుకీ గోడకీ మధ్య నొక్కుకుపోయిన ప్లగ్గు వేడెక్కుతుంది.

బీరువా, అద్దం గురించి ఎక్కువ బుర్ర పెట్టకండి. పందిరి మంచం ఉన్న గదిలో నిలువెత్తు వస్తువు ఇంకొకటి చాలు, మీ ఇనప బీరువా అది. రంగు కలపాలని కొత్త సామానుకి పాత టేకు రంగు పూయించొద్దు, కలవదు సరికదా కొత్తది పాతబడ్డట్టు కనిపిస్తుంది.

మంచం అన్నయ్యకి తిప్పి పంపడం గురించి అడిగారు. పంపొచ్చు, అందులో అవమానం లేదు. కానీ ఆయన కొత్త స్లాబు ఇంట్లో దానికి చోటుందా అని ముందు అడగండి. లేకపోతే అది పశువుల పాకలోకి వెళ్తుంది, లేదా పాత సామాను కొనేవాళ్ళ వ్యానెక్కుతుంది. అలా జరిగితే అమ్మగారికి కోళ్ళు కోసినదానికంటే ఎక్కువే తగులుతుంది. చెక్కలు దించే సంగతి అమ్మగారికి ఫోన్‌లో చెప్పకండి. బద్దలు బిగించేటప్పుడు రమ్మనండి, పాత బూరుగు పరుపు ఎంత మందం ఉండేదో ఆవిణ్ణే అడగండి. మీవారికి మాత్రం ఈ లెక్క ఇవాళే చూపించండి. ఆయన మాట తీసిపారేసినట్టు కాకుండా, ఆయన అడిగిన ఎనిమిదిలో ఆరు రంపం లేకుండా ఎలా వస్తున్నాయో కాగితం మీద వేసి చూపండి. మేస్త్రి మళ్ళీ వచ్చేది ఆదివారమే కదా, అప్పటికి బద్దల కొలత, కొత్త చెక్కల కొలత, చక్రాల మంచం కొలత మూడూ రాసి ఉంచుకోండి. చక్రాలు బ్రేకు ఉన్నవే అడగండి.